మాత్రలకు తగ్గని తలనొప్పి

ఊళ్ళో ఉచిత వైద్య శిబిరం పెట్టారంటే ఆ రోజు హైస్కూలు ఆవరణంతా తిరునాళ్ళలా ఉంటుంది. షుగరు పరీక్షకొక వరస, బి.పి. చూపించుకోవడానికొక వరస, కళ్ళద్దాల వాళ్ళకొక వరస. వచ్చిన డాక్టరు మూడు నాలుగు గంటల్లో వందమందిని చూడాలి. అంటే మనిషికి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో ముప్ఫయ్యయిదేళ్ళ ఇల్లాలు ఒకామె బల్ల ముందు కూర్చుని, "తలనొప్పండీ. ఒళ్ళంతా గుంజుతోంది. రాత్రిళ్ళు నిద్ర పట్టదు. గుండెదడ. అన్నం సయించదు" అంటుంది. డాక్టరు నాడి చూస్తాడు, కనురెప్ప కిందకి లాగి చూస్తాడు. పది నొప్పిమాత్రలు, పది బి కాంప్లెక్సు మాత్రలు రాసి, "బలమైన తిండి తినమ్మా, ఊరికే ఆలోచనలు పెట్టుకోకు" అని పంపిస్తాడు. మరుసటి శిబిరానికి ఆమె మళ్ళీ అదే తలనొప్పితో వస్తుంది.

ఇలాంటివారందరికీ ఇంట్లో తన్నులే కారణమని నేను అనడం లేదు. రక్తం తక్కువై ఉండవచ్చు. థైరాయిడ్ దోషం ఉండవచ్చు. చూపు మందగించి ఉండవచ్చు. అవన్నీ చూడవలసిందే. కానీ ఏ పరీక్షలోనూ ఏమీ తేలక, ఏ మాత్రకూ లొంగక ఏళ్ళ తరబడి వేధించే నొప్పికి మూలం కొందరిలో తలలో ఉండదు, ఇంట్లో ఉంటుంది. ఆ ఇల్లాలు ఆ సంగతి నోరు విప్పి చెప్పదు. మనం అడగం. ఈ వారం ఆ అడగని ప్రశ్న గురించి మాట్లాడుకుందాం.

ఇది ఎక్కడో ఒక ఇంటి సంగతి కాదు

2019-21 మధ్య జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 18 నుంచి 49 ఏళ్ళ లోపు వివాహితలను ఈ విషయం అడిగారు. భర్త చేతిలో ఎప్పుడో ఒకప్పుడు దెబ్బలు తిన్నవారు, లేదా లైంగికంగా బలవంతానికి గురయినవారు దేశం మొత్తంమీద నూటికి 29 మంది. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 30 మంది. తెలంగాణలో నూటికి దాదాపు 37 మంది. ఎవరి చేతిలోనయినా ఇలాంటి హింసకు గురయిన స్త్రీలలో సాయం కోసం మరొకరి దగ్గరకు వెళ్ళినవారు నూటికి 14 మందే. ఆ కొద్దిమందిలో కూడా చాలామంది వెళ్ళింది పుట్టింటికి. డాక్టరుకు చెప్పుకున్నవారు అతి తక్కువ.

"మా పేటలో ఇలాంటివి లేవండీ, అందరూ చదువుకున్నవాళ్ళే" అని కొందరంటారు. చదువుకున్న ఇళ్ళల్లో తలుపులు గట్టిగా వేసుకుంటారు, అంతే తేడా. జీతం తెచ్చే భార్య చేతిలోంచి ఏ.టి.ఎం. కార్డు లాక్కోవడం, పుట్టింటికి ఫోను చేయనివ్వకపోవడం, పదిమంది ఎదుట నీచంగా మాట్లాడటం, ఇవి కూడా హింస కిందికే వస్తాయి. 2005లో చేసిన గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ కల్పించే చట్టం శరీరాన్ని గాయపరచడంతోపాటు లైంగిక హింసను, మాటలతో మనసును హింసించడాన్ని, డబ్బుకు కటకట పెట్టడాన్ని కూడా హింసగానే లెక్కవేసింది.

మనసుకు తగిలిన దెబ్బ ఒంట్లో ఎలా కనబడుతుంది?

ఎదురుగా పాము పడగ విప్పితే మీకేమవుతుంది? గుండె వేగంగా కొట్టుకుంటుంది. చెమటలు పడతాయి. కండరాలు బిగుసుకుంటాయి. మెదడు అపాయం గ్రహించి అడ్రినలిన్, కార్టిజాల్ అనే రసాయనాలు విడుదలయ్యేలా చేయడం వల్ల ఇలా జరుగుతుంది. పాము వెళ్ళిపోతే కాసేపటికి అన్నీ సర్దుకుంటాయి. ఆ పాము ఇంట్లోనే కాపురముంటే? సాయంత్రం ఆరు గంటలకు వీధి గేటు చప్పుడయితే చాలు, ఒళ్ళు బిగుసుకుపోతుంది. అలా నెలలు, ఏళ్ళు గడిస్తే మెడ, భుజాల కండరాలు పట్టేసి తలనొప్పి వస్తుంది. నడుము నొప్పి, పొత్తికడుపు నొప్పి, కడుపులో మంట, గుండెదడ, నిద్రలేమి వస్తాయి. ఇది నటన కాదు, బద్ధకం కాదు, "నరాల బలహీనత" అసలే కాదు. ఆమె నరాలు రాత్రింబవళ్ళు కాపలా కాసి అలసిపోయాయి.

మనసులో జరిగేది ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది కుంగుబాటు. దేనిమీదా ఆసక్తి ఉండదు, ఏడుపు వస్తుంది, లేదా ఏడుపు కూడా రానంతగా మొద్దుబారిపోతారు, తప్పంతా తమదే అనిపిస్తుంది. జీవిత భాగస్వామి చేతిలో హింసకు గురయిన స్త్రీలలో కుంగుబాటు మిగతా స్త్రీలలో కంటే దాదాపు రెట్టింపు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో తేల్చింది. రెండోది భయం గూడుకట్టుకోవడం. జరిగిపోయిన సంఘటన మళ్ళీ ఇప్పుడే జరుగుతున్నట్లు కళ్ళకు కట్టడం, పీడకలలు, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం దీని లక్షణాలు. మూడోది అన్నిటికంటే ప్రమాదం, చచ్చిపోదామనే ఆలోచన.

అనుమానించవలసిన గుర్తులు

శిబిరంలో పనిచేసే నర్సులు, ఆశా కార్యకర్తలు, స్వచ్ఛంద సేవకులతోపాటు ఇరుగుపొరుగువారు కూడా ఇవి తెలుసుకోవాలి.

గాయానికి చెప్పే కారణం గాయంతో పొసగకపోవడం. "మెట్లమీంచి పడ్డాను" అంటుంది, దెబ్బ మాత్రం చెవి దగ్గర ఉంటుంది. కొత్త గాయం పక్కనే మానుతున్న పాత గాయాలుండటం. ముంజేతుల వెలుపలి వైపు కమిలి ఉండటం, ఎందుకంటే కొడుతుంటే ముఖానికి చేతులు అడ్డం పెట్టుకుంటాం. దెబ్బ తగిలిన చాలా రోజులకు గాని వైద్యానికి రాకపోవడం. ఆమెను అడిగిన ప్రతి ప్రశ్నకూ వెంట వచ్చిన మనిషి జవాబు చెప్పడం. గర్భవతికి పొట్టమీద దెబ్బలు, మళ్ళీమళ్ళీ గర్భస్రావాలు. కారణం దొరకని నొప్పులతో పదేపదే రావడం. వీటిలో ఏ ఒక్కదానివల్లా రుజువయిపోయిందని అనుకోకూడదు. కానీ వీటిని చూసి కూడా అడగకుండా ఊరుకోకూడదు.

అడగడం ఎలా?

వచ్చిన ప్రతి స్త్రీనీ వరసపెట్టి ప్రశ్నించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడం లేదు. గుర్తులు కనబడ్డప్పుడు, చాటు ఉన్నప్పుడు అడగమంటుంది. చాటు అన్నది ముఖ్యం. భర్త, అత్తగారు, ఆడపడుచు, ఆఖరికి మాటలు వచ్చిన చిన్నపిల్ల ఉన్నా అడగకూడదు. ఇంటికెళ్ళాక ఆ మాటే ఆమె ప్రాణం మీదికి తేవచ్చు.

మన దేశంలో ఆడవాళ్ళకు ఆడ డాక్టరు, వేరే గది కావాలన్న ఆలోచన కొత్తది కాదు. 1883లో అమెరికా నుంచి లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ అక్కడి స్త్రీలకు వైద్యం చేశారు. 1898లో ఆ ఊళ్ళో ఆస్పత్రి తెరిచారు. మగ డాక్టరుకు చెయ్యి చూపించడానికి వెనుకాడే రోజుల్లో ఒక స్త్రీ మరొక స్త్రీకి తన బాధ చెప్పుకోగలిగింది. ఇన్నేళ్ళ తరవాత మన శిబిరాల్లో ఇ.సి.జి. మిషను ఉంటోంది గాని, ఒక తెర, దాని వెనుక రెండు కుర్చీలు, వినే ఒక ఆడమనిషి ఉండటం లేదు. శిబిరం పెట్టే పెద్దలకు నా విన్నపం: షామియానాకు అయ్యే ఖర్చులో ఈ తెర ఖర్చు ఎంత? దానికి "స్త్రీల సమస్యలు" అని బోర్డు మాత్రం పెట్టకండి. "బరువు, బి.పి. ఇక్కడ చూడబడును" అని పెట్టండి. అప్పుడు ఎవరూ అనుమానించరు.

ఇక మాట ఎలా కదపాలి? "మీ ఆయన కొడతాడా?" అని మొహం మీద అడిగితే "అబ్బే, లేదండీ" అనే వస్తుంది. ఇలా అడిగి చూడండి: "అమ్మా, ఇంట్లో మనశ్శాంతి లేనప్పుడు కూడా ఇలాంటి నొప్పులు వస్తుంటాయి. మీకు ఇంట్లో ఎవరివల్లనయినా భయముందా? ఎవరయినా చెయ్యి చేసుకుంటున్నారా? చెప్పాలనిపిస్తేనే చెప్పండి. మీరు చెప్పింది నా దగ్గరే ఉంటుంది." ఆమె లేదంటే వదిలెయ్యండి. "ఎప్పుడయినా మాట్లాడాలనిపిస్తే ఫలానా ఆస్పత్రికి ఫలానా రోజు రండి" అని చెప్పండి. తలుపు తెరిచి ఉందని ఆమెకు తెలిస్తే చాలు. ఆరు నెలల తరవాత రావచ్చు.

విన్నాక చెయ్యవలసిన అయిదు పనులు

ప్రపంచ ఆరోగ్య సంస్థ వైద్య సిబ్బందికి చెప్పిన పద్ధతిని మన మాటల్లో చెబుతాను. దీనికి మానసిక వైద్యుడే కానక్కరలేదు. శిక్షణ పొందిన నర్సయినా, ఆశా కార్యకర్తయినా చెయ్యవచ్చు.

ఒకటి, వినడం. మధ్యలో అడ్డు తగలకుండా, గడియారం వంక చూడకుండా వినాలి. వివరాలు తవ్వి తీయకూడదు. మానిన పుండును మనం గోకకూడదు.

రెండు, ఆమెకు ఇప్పుడేం కావాలో అడగడం. మనకు ముఖ్యమనిపించింది ఆమెకు ముఖ్యం కాకపోవచ్చు. మనం పోలీసు కేసు గురించి ఆలోచిస్తుంటాం. ఆమె రేపు పిల్లవాడి స్కూలు ఫీజు గురించి ఆలోచిస్తుంటుంది.

మూడు, నమ్మడం. "నువ్వేం చేశావమ్మా, అతనికి అంత కోపం ఎందుకొచ్చింది?" అన్న ఒక్క ప్రశ్న చాలు, ఆమె మళ్ళీ జన్మలో నోరు విప్పదు. "ఇందులో మీ తప్పు లేదు. ఏ కారణానికైనా కొట్టే హక్కు ఎవరికీ లేదు" అని స్పష్టంగా చెప్పాలి. "సర్దుకుపో తల్లీ, ఆడజన్మ" అనేది సలహా కాదు. ఆమె ఆ మాట అప్పటికే చాలామంది నోట విని ఉంటుంది.

నాలుగు, భద్రత చూడటం. ఈ ప్రశ్నలు తప్పక అడగాలి: దెబ్బలు ఈ మధ్య ఎక్కువయ్యాయా? చంపుతానని బెదిరించాడా? కత్తి, కిరోసిను, కర్ర వంటివి చేతబట్టాడా? గర్భంతో ఉండగా కొట్టాడా? గొంతు నులిమాడా? చివరి ప్రశ్నకు అవునన్న జవాబు వస్తే అతి జాగ్రత్త. ఒకసారి గొంతు నులిమిన మనిషి చేతిలో తరవాత ప్రాణాపాయం చాలా ఎక్కువ. పైకి ఒక్క గీత కనిపించకపోయినా లోపల రక్తనాళం దెబ్బతిని గంటలకో, రోజులకో పక్షవాతం రావచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగితే నొప్పి, ఆయాసం, కళ్ళలో ఎర్రటి చుక్కలు ఉంటే ఆలస్యం చేయకుండా పెద్దాస్పత్రికి పంపాలి.

అయిదు, ఆసరా కలపడం. శిబిరం సాయంత్రానికి ఎత్తేస్తారు. ఆమె బాధ ఎత్తేయరు. అందుకని మర్నాడు ఎవరి దగ్గరికి వెళ్ళాలో చెప్పాలి. చేతికి కాగితం ఇచ్చేముందు "ఇది ఇంటికి తీసుకెళ్ళడం మీకు క్షేమమేనా?" అని అడగాలి. కాదంటే నంబరు నోటితో రెండుసార్లు చెప్పించండి.

ఏ నంబర్లు? స్త్రీలకు సాయం 181. తక్షణ ప్రమాదం ఉంటే 112. మనసు బాధకు టెలీ మానస్ 14416. దీన్ని 2022 అక్టోబరు 10న ప్రారంభించారు. రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. న్యాయ సలహాకు 15100. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 నాటి చట్టంలోనే ఉంది. 2015 నుంచి పెట్టిన సఖి కేంద్రాల్లో వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, మనసుకు ఊరట, కొద్ది రోజుల వసతి ఒకేచోట దొరికే ఏర్పాటుంది.

మాత్రల మాట

శిబిరంలో నిద్రమాత్రలు పంచడం మంచిది కాదు. ఆల్ప్రజోలం వంటి మాత్రలు రెండు మూడు వారాలు వరసగా వాడితే అలవాటయిపోతాయి. పైగా చచ్చిపోవాలని ఆలోచించే మనిషి చేతికి మాత్రల అట్ట ఇవ్వడం ఎలాంటిదో చెప్పనక్కర్లేదు. కుంగుబాటుకు మంచి మందులున్నాయి. అవి అలవాటయ్యే మందులు కావు. కాని పని చేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. బాగయిన తరవాత కూడా నెలల తరబడి వాడాలి. డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. అందువల్ల మళ్ళీ చూసే డాక్టరు ఉన్నచోటే మొదలుపెట్టాలి. జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగానికి చీటీ రాసి పంపడమే ఒకరోజు శిబిరం చేయగలిగే మంచి వైద్యం.

మాటల వైద్యం కూడా వైద్యమే. కెన్యా రాజధాని నైరోబీ శివారు పేటల్లో హింసకు గురయిన స్త్రీలకు డాక్టర్లు కాని ఆరోగ్య కార్యకర్తలు అయిదు విడతలు ఈ వైద్యం చేశారు. ఊపిరి నెమ్మదిగా తీసుకోవడం, ఉన్న సమస్యను చిన్న ముక్కలు చేసుకోవడం, మానేసిన పనులు మళ్ళీ మొదలుపెట్టడం, తోడు వెతుక్కోవడం నేర్పారు. వారి బాధ తగ్గిందని 2017లో ప్రకటించారు. మన దేశంలోనే బొంబాయి బాంద్రాలోని భాభా మునిసిపల్ ఆస్పత్రిలో 2000లో "దిలాసా" అనే విభాగం పెట్టారు. దెబ్బలకు కట్టు కట్టించుకోవడానికి వచ్చిన స్త్రీని అదే ఆస్పత్రిలో ఆ గదికి పంపుతారు. అక్కడ ఊరట, సలహా దొరుకుతాయి. సర్కారు ఆస్పత్రిలో ఇది సాధ్యమేనని అది చూపించింది.

ఈ బాధ పడుతున్న సోదరికి

మీరు ఇది ఎవరూ చూడకుండా చదువుతూ ఉండవచ్చు. మీకు నాలుగు మాటలు.

మీ గుండెదడ పిచ్చికి సూచన కాదు. దడ మొదలయినప్పుడు రెండు పాదాలూ నేలకు ఆనించి కూర్చోండి. మనసులో నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకోండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. అలా పదిసార్లు చేయండి. దీనివల్ల సమస్య తీరదు. ఆ గండం గట్టెక్కుతుంది.

నమ్మకమున్న ఒక్క మనిషికయినా చెప్పండి. గొడవ ముదురుతున్నదని తెలిస్తే వంటింట్లోకి వెళ్ళకండి. అక్కడ కత్తిపీట, పొయ్యి ఉంటాయి. బయటకు దారి ఉన్న గదిలో ఉండండి. పొరుగింటావిడతో ఒక గుర్తు అనుకోండి, పిల్లవాడు వచ్చి "పంచదార ఉందా" అంటే సాయం కావాలని అర్థం. ఆధారు, రేషను కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు, కొంచెం డబ్బు నమ్మకస్తుల ఇంట దాచండి.

ఇల్లు ఎవరి పేరున ఉన్నా ఆ ఇంట్లో ఉండే హక్కు మీకు 2005 చట్టం ఇచ్చింది. మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇవ్వవచ్చు. దాన్ని మీరితే జైలు శిక్ష ఉంది. కేసు పెట్టలేదు కదా అని ఏ ఆస్పత్రీ మీకు వైద్యం కాదనకూడదు. మీ గాయాల వివరాలు, ఎవరు కొట్టారని మీరు చెప్పిందీ ఆస్పత్రి చీటీలో రాయించుకోండి. ఇవాళ అవసరం లేకపోవచ్చు, రేపు అదే సాక్ష్యం.

చచ్చిపోవాలనిపిస్తే ఆ రాత్రి ఒంటరిగా ఉండకండి. 14416కు ఫోను చేయండి. ఇంట్లో పురుగుమందు ఉంటే మీ చేతికి అందకుండా వేరేచోట పెట్టించండి. అలాంటి ఆలోచన గట్టి తుఫానులాంటిది. వస్తుంది, పోతుంది. అది పోయేదాకా పట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలి.

ఉత్తరాలకు జవాబులు

ప్రశ్న: మావారు తాగి వచ్చినప్పుడే కొడతారు. మామూలప్పుడు మంచివారే. ఆయనకు తెలియకుండా అన్నంలో కలిపి పెడితే తాగుడు మానిపించే మందు ఉందట. పెట్టమంటారా?

జవాబు: వద్దమ్మా, ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. డైసల్ఫిరామ్ అనే ఆ మందు కడుపులో ఉండగా తాగితే వాంతులు, ఆయాసం వచ్చి బి.పి. పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. తాగేవారికి అన్నీ వివరించి, ఆయన ఒప్పుకుంటేనే డాక్టరు ఇస్తారు. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానేసినా ఫిట్సు రావచ్చు, మతి తప్పవచ్చు. కాబట్టి తాగుడు మాన్పించడం ఆస్పత్రిలో జరగాలి. ఇంకొక సంగతి. తాగి వచ్చి ఆయన పై ఆఫీసరును కొట్టడం లేదు గదా? మిమ్మల్నే కొడుతున్నారు. తాగుడు దెబ్బల్ని పెంచుతుంది గాని, తాగుడు మానగానే దెబ్బలు తప్పక ఆగుతాయని నేను హామీ ఇవ్వలేను. రెండింటికీ విడివిడిగా వైద్యం, విడివిడిగా రక్షణ చూసుకోవాలి.

ప్రశ్న: మా అమ్మాయి రెండు నెలల క్రితం దెబ్బలతో పుట్టింటికి వచ్చేసింది. గాయాలు మానాయి గాని ఎవరితోనూ మాట్లాడదు. తలుపు చప్పుడయితే ఉలిక్కిపడుతుంది. అర్ధరాత్రి కేకలు వేస్తుంది. గాలి సోకిందని మావాళ్ళంటున్నారు. తిరిగి కాపురానికి పంపితే అదే సర్దుకుంటుందని పెద్దలంటున్నారు.

జవాబు: గాలీ కాదు, ధూళీ కాదు. పెద్ద ప్రమాదం నుంచి బయటపడ్డ మనసు ఇంకా అక్కడే ఉందనడానికి ఇవి గుర్తులు. మొదటి కొద్ది వారాల్లో చాలామందికి ఇవి వాటంతటవే తగ్గుతాయి. నెల దాటినా తగ్గలేదు కనుక మానసిక వైద్యునికి చూపించండి. నయమవుతుంది. ఈలోగా ఆమెను ఒంటరిగా పడుకోనివ్వకండి. మాట్లాడమని బలవంతపెట్టకండి, మాట్లాడితే వినండి. ఇంట్లో ఆమెకు నచ్చిన చిన్న పని ఏదో ఒకటి రోజూ ఒకే వేళకు చేయనివ్వండి. ఇక కాపురం సంగతి. జబ్బు తెప్పించిన చోటికే జబ్బు తగ్గించడానికి పంపుతారా? వెళ్ళాలో వద్దో నిర్ణయించుకోవలసింది ఆమె, అదీ మనసు కుదుటపడ్డాక. పిల్లలుంటే వారినీ గమనించండి. పక్క తడపడం, చదువు వెనకబడటం, తరచూ కడుపునొప్పి అనడం కూడా ఆ భయంవల్లనే కావచ్చు.

ప్రశ్న: నేను నర్సును. సెలవు రోజుల్లో వైద్య శిబిరాలకు వెళుతుంటాను. ఆడవాళ్ళు చెప్పే మాటలు విన్న రాత్రి నాకు నిద్ర పట్టదు. నిజానికి ఆరేళ్ళ క్రితం నేనూ అలాంటి ఇంట్లోంచి బయటపడిన మనిషినే. ఈ పనికి నేను పనికిరానా?

జవాబు: పనికివస్తారు. మీ అనుభవంవల్ల ఆ స్త్రీల మౌనం కూడా మీకు అర్థమవుతుంది. కాని మానిన ఎముకయినా బరువెత్తేటప్పుడు నొప్పి పుడుతుంది. అందుకు కొన్ని కట్టుబాట్లు పెట్టుకోండి. తెర వెనుక కుర్చీలో ఒక్కరే రోజంతా కూర్చోవద్దు. మరొక నర్సుతో వంతులు వేసుకోండి. శిబిరం ముగిశాక సామాన్లు సర్దేముందు పావుగంట మీ బృందమంతా కూర్చుని ఆనాటి కష్టం పేర్లు లేకుండా చెప్పుకోండి. మీ కథను అవతలి స్త్రీకి చెప్పాలనిపిస్తుంది. ఆ పూట చెప్పకండి, అది ఆమె వంతు. విన్న ప్రతి బాధనూ మీరే తీర్చాలనుకోకండి. ఆమెను నమ్మారు, క్షేమం అడిగారు, దారి చూపారు. ఒక రోజు శిబిరంలో ఒక మనిషి చేయగలిగిన పని అది. ఏ స్త్రీ మాట వింటుంటే మీ చేతులు వణికి పాత సంగతులు కళ్ళముందు కదిలాయో, ఆ రోజుకు లేచి బి.పి. బల్ల దగ్గరికి మారిపోండి. ఇది పిరికితనం కాదు. నిద్రలేమి రెండు వారాలు దాటితే మీరూ డాక్టరును కలవండి. ఇతరులకు చెప్పే 14416 నంబరు మీకు కూడా పనిచేస్తుంది.